లెరిచి రేవు నుంచి తెరచాప మీద



ఇటలీ వాయవ్య తీరంలో లా స్పెజియా అనే ఓడరేవు ఉంది. జెనోవా నగరానికి ఆగ్నేయంగా, కొండలు నేరుగా సముద్రంలోకి దిగిపోయే చోట ఉంటుంది. దాని ముందున్న ఖాతాన్ని అక్కడివాళ్లు కవుల ఖాతం అని కూడా అంటారు. తూర్పు ఒడ్డున లెరిచి అనే చిన్న ఊరు, పడమటి కొసన పోర్తోవెనెరె. ఆ కొస దాటి బయటి సముద్రంలోకి వెళితే వరసగా ఐదు పల్లెలు కనిపిస్తాయి. ఆ ఐదింటినీ కలిపి చింక్వె తెర్రె అంటారు. వేసవి సెలవుల్లో యూరప్ వెళ్లే మన తెలుగువాళ్లు చాలామంది ఇప్పుడు ఈ పల్లెలు కూడా చూసి వస్తున్నారు.

ఎక్కువమంది రైల్లోనే వెళతారు. బండి సొరంగంలోంచి బయటపడగానే ఊరు కనిపిస్తుంది, చూసేలోగానే మళ్లీ సొరంగం. ఆ రైలుమార్గం 1874లో పూర్తయింది. అంతకుముందు ఆ ఊళ్లకు వెళ్లాలంటే కంచరగాడిదలు నడిచే కొండబాట పట్టాలి, లేదా పడవెక్కాలి. ఇళ్లూ, రేవు మెట్లూ, చర్చి ముందరి అరుగులూ అన్నీ సముద్రం వైపే తిరిగి ఉంటాయి. అందుకే ఆ ఊళ్లను నీటి మీంచే చూడాలని నా నమ్మకం. సెప్టెంబరు నెలలో కొందరు మిత్రులతో కలిసి ఒక రోజంతా తెరచాప పడవ మీద ఆ తీరం వెంబడి తిరిగాను. ఆ రోజు గురించి ఇప్పుడు మీకు చెబుతాను.

మా బృందంలో విశాఖలో నాతో చదువుకున్న మిత్రుడు ఒకడు. మిలానోలో ఉద్యోగం, ఇటాలియన్ ధారాళంగా మాట్లాడతాడు. అతని భార్య, మా అందరికీ చెల్లెమ్మ. మరొకడు భీమిలివాడు, చేపల వేటే జీవనంగా ఉన్న ఇంట్లో పుట్టి, చదువుకుని, ఇప్పుడు హైదరాబాదులో ఇంజనీరు. చిన్నప్పుడు తండ్రితో తెప్ప మీద వేటకెళ్లినవాడు. ఇక పడవ నడిపే సరంగు లెరిచి ఊరివాడే. అరవై దాటిన మనిషి, ఎండకు కమిలిన ముఖం, పొదుపైన మాట.

పడవ ముప్పై ఆరు అడుగుల పొడవుంటుంది. దాని నడుమ ఎత్తైన అల్యూమినియం కొయ్య, దానికి ఒక పెద్ద తెరచాప, ముందువైపు ఇంకొకటి. మేం ఎక్కగానే సరంగు రెండు పనులు చేశాడు. ముందు అందరి చేతికీ లైఫ్ జాకెట్లు ఇచ్చి, బిగింపులు తనే సరిచూశాడు. తర్వాత పడవలో ఉన్న చిన్న రేడియో సెట్టు తిప్పి 68వ ఛానల్ పెట్టాడు. ఇటలీ తీరమంతటా ఆ ఛానల్‌లో సముద్ర వాతావరణ సూచన ఆగకుండా వస్తూనే ఉంటుంది. ఏ ప్రాంతంలో గాలి ఎటునుంచి, ఎంత వేగంతో వీస్తుంది, అల ఎంత ఎత్తు లేస్తుంది, ఉరుములు వస్తాయా రావా అన్నీ చెబుతారు. గుక్కతిప్పుకోకుండా వస్తున్న ఆ మాటల్ని ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. మా మిత్రుడు అనువదించి చెప్పాడు: "పొద్దున సన్నటి గాలి, మధ్యాహ్నం నుంచి లిబెచ్చో పుంజుకుంటుందట."

అక్కడి నావికులు ప్రతి గాలినీ పేరుపెట్టి పిలుస్తారు. ఉత్తరం నుంచి వచ్చేది త్రమొంతాన, ఈశాన్యపుది గ్రెకాలె, ఆగ్నేయం నుంచి ఆఫ్రికా ఎడారి వేడిని మోసుకొచ్చేది షిరొక్కో, వాయవ్యపుది మేస్త్రాలె. నైరుతి నుంచి వచ్చేది లిబెచ్చో. ఈ తీరం నైరుతి ముఖంగా ఉంటుంది కాబట్టి లిబెచ్చో వీస్తే అలలు తిన్నగా కొండ మొదలుకే వచ్చి కొడతాయి. ఈ సంగతి మీరు గుర్తుంచుకోవాలి, మధ్యాహ్నం మళ్లీ దీని అవసరం వస్తుంది.

రేవు దాటాక పెద్ద చాప ఎత్తాం. ఎత్తడమంటే మోకు పట్టి లాగడమే. మొదట సగం దాకా తేలిగ్గానే వస్తుంది, ఆ పైన బరువు తెలుస్తుంది, చివరి మూరెడు వించ్‌కు చుట్టి తిప్పాలి. నేను మోకును అరచేతికి మెలివేసి లాగుతుంటే భీమిలివాడు కేకేశాడు: "ఒరేయ్, తాడు చేతికి చుట్టుకోకురా, గాలి లాగితే వేళ్లు పోతాయి!" సరంగుకు తెలుగు రాదు. అయినా వాడు చెప్పింది ఏమిటో అర్థమైనట్టుంది, వాడి వైపు చూసి తల ఊపాడు. ఆ తర్వాత ఇద్దరికీ భాష అడ్డం రాలేదు. మోకు కొసకు ఉచ్చు వేసే ముడి ఒకటి సరంగు వేసి చూపిస్తే, వాడు అదే ముడిని ఇంకోరకంగా, ఒంటిచేత్తో వేసి చూపించాడు.

ఇంజను ఆపేశాక చాప ముందంచు మీద కుట్టిన రెండు ఉన్ని పోగులు చూడమన్నాడు సరంగు. చాపకు అటొకటి, ఇటొకటి. రెండూ చదునుగా వెనక్కి ఎగురుతుంటే గాలి చాప మీదుగా సాఫీగా పారుతోందని, పడవకు లాగుడు బాగా అందుతోందని అర్థం. లోపలి పోగు పైకి లేచి తైతక్కలాడితే పడవ గాలికి మరీ ఎదురెళుతోంది, చుక్కాని కాస్త తిప్పాలి. బయటి పోగు వాలిపోతే చాప మరీ బిగిసింది, మోకు కాస్త వదలాలి. చెల్లెమ్మ చుక్కాని చక్రం పట్టుకుని చాలాసేపు ఆ రెండు ఉన్ని పోగుల మీంచి కళ్లు తిప్పలేదు. కాసేపటికి పోగు లేవకముందే ఆమె చెయ్యి సర్దుకోవడం చూశాను. కంటికి కనిపించని గాలిని కంటితో చూడ్డం అలా నేర్చుకుంది.

మాకు వెళ్లాల్సిన పోర్తోవెనెరె ఇంచుమించు గాలి వచ్చే దిక్కులోనే ఉంది. ఏ తెరచాప పడవా గాలికి పూర్తిగా ఎదురెళ్లలేదు, సుమారు నలభై అయిదు డిగ్రీలు పక్కకు తప్పుకోవాలి. కాబట్టి కాసేపు కుడికి ఏటవాలుగా, కాసేపు ఎడమకు ఏటవాలుగా వంకర టింకరగా వెళ్లాం. తిరిగిన ప్రతిసారీ చాప అడుగున ఉండే పొడవాటి దూలం ఒక పక్క నుంచి ఇంకో పక్కకు విసురుగా వస్తుంది. సరంగు కేక వినగానే తలలు వంచాలి. సముద్రం మీద పెద్దాచిన్నా లేకుండా అందరూ ఒక మనిషి మాటకు కట్టుబడేది ఈ తలల కోసమే.

కుడివైపు వెనకగా శాన్ తెరెంజో అనే పల్లె కనిపించింది. ఒడ్డున కింద కమానులు, పైన అంతస్తు ఉన్న తెల్లటి ఇల్లు. దాని పేరు కాసా మాన్యి. 1822 వసంతంలో ఇంగ్లీషు కవి షెల్లీ, భార్య మేరీ ఆ ఇంట్లో దిగారు. అప్పుడు ముందు రోడ్డు లేదు, పోటెత్తితే అలలు కమానుల్లోకే వచ్చేవి. మేరీ అప్పటికే ఫ్రాంకెన్‌స్టైన్ నవల రాసి పేరు తెచ్చుకున్న రచయిత్రి. షెల్లీకి పడవలంటే ప్రాణం, ఈత మాత్రం రాదు. జెనోవాలో ఒక పడవ చేయించుకున్నాడు. పైకప్పు లేని తేలికైన పడవ. ఇంకా వేగం కావాలని ఆ జూన్‌లో కొయ్యలు పొడిగించి అదనపు చాపలు కూడా బిగించారు.

మిత్రుడు లీ హంట్ ఇంగ్లండు నుంచి వచ్చాడని తెలిసి, షెల్లీ ఆ పడవలోనే దక్షిణాన ఉన్న లివోర్నోకు వెళ్లాడు. జూలై 8న మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. వెంట ఎడ్వర్డ్ విలియమ్స్ అనే స్నేహితుడు, పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఒకడు. ఆకాశం మబ్బుపట్టి ఉంది. సాయంత్రం తుఫానుగాలి లేచింది. పడవ ఇంటికి రాలేదు. కాసా మాన్యిలో మేరీ, విలియమ్స్ భార్య ఎదురుచూసి ఎదురుచూసి, చివరికి తామే వెతుక్కుంటూ బయలుదేరారు. పది రోజుల తర్వాత దేహాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. అంటువ్యాధుల భయంతో అప్పుడున్న కఠినమైన చట్టాల వల్ల దొరికిన చోటే పాతిపెట్టి, ఆగస్టు 16న వియారెజ్జో దగ్గరి ఇసుక ఒడ్డున షెల్లీ దేహాన్ని దహనం చేశారు. మిత్రుడైన కవి బైరన్ అక్కడ ఉన్నాడు. ముప్పయ్యో పుట్టినరోజుకు దాదాపు నెల ముందే పోయాడు షెల్లీ.

దేవులపల్లి కృష్ణశాస్త్రిగారిని ఆంధ్రా షెల్లీ అని పిలుచుకున్న జాతి మనది. ఆయన ఇదే ఆకాశవాణిలో పనిచేసి, శ్రోతల కోసం ఎన్నో పాటలు, నాటికలు రాశారు. ఆ తెల్లటి ఇంటిని చూస్తూ నేను ఆ మాట చెబితే పడవలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. భీమిలివాడు మాత్రం మెల్లగా అడిగాడు: "మబ్బు కనిపిస్తుంటే ఎందుకు బయలుదేరాడ్రా?"

ఆ మబ్బు వెనక ఏం వస్తోందో చెప్పే రేడియో అప్పుడు లేదు. దాని కథ అదే ఖాతంలో, కొంచెం ఉత్తరంగా ఉంది. లా స్పెజియా ఇటలీ నౌకాదళానికి ముఖ్యమైన స్థావరం. 1897 జూలైలో, అంటే షెల్లీ మునిగిపోయిన డెబ్బయి అయిదేళ్లకు, ఇరవై మూడేళ్ల గుల్యెల్మో మార్కొనీ అక్కడికి వచ్చాడు. శాన్ బార్తొలొమేయో ఒడ్డున తన యంత్రం పెట్టి, సంకేతాలు అందుకునే యంత్రాన్ని మొదట చిన్న నౌక మీద, తర్వాత శాన్ మార్తీనో అనే యుద్ధనౌక మీద బిగించాడు. నౌక దూరం జరుగుతున్న కొద్దీ సంకేతాలు పంపాడు. పదహారు కిలోమీటర్లు దాటినా అందాయి. తీగ లేదు, మధ్యలో నీళ్లు తప్ప ఏమీ లేవు. దీవి కొండ అడ్డం వస్తే మాత్రం సంకేతం ఆగిపోయేది. ఎక్కడ ఆగుతోంది, ఎందుకు ఆగుతోంది అన్నది కూడా ఆ ప్రయోగాల్లోనే నేర్చుకున్నారు.

అంతకుముందు ఓడ ఒడ్డు కంటికి కనుమరుగైందంటే లోకంతో దానికి సంబంధం తెగిపోయినట్టే. పొగ, జెండా, దీపం, తుపాకి మోత ఎంత దూరం వెళతాయో అంతే. 1912లో టైటానిక్ మునిగినప్పుడు సుమారు ఏడు వందలమంది బతికి బయటపడ్డారంటే, ఆ ఓడలోని మార్కొనీ యంత్రం దగ్గర కూర్చున్న యువకులు చివరిదాకా సంకేతాలు పంపుతూ ఉండటమే కారణం. ఇప్పుడు మీరు నా గొంతు వింటున్నారంటే, దాని మొదటి అడుగుల్లో ఒకటి ఆ ఖాతంలో పడింది. రేడియోలో మాట్లాడే అవకాశం దొరికిన నాకు ఆ నీళ్ల మీద ప్రయాణించడం పుణ్యంగానే అనిపించింది.

పోర్తోవెనెరె దగ్గర నీటి మీద తేలే బెండ్ల వరసలు కనిపించాయి. వాటి కింద తాళ్లకు ఆలిచిప్పలు పెంచుతారు, ఈ ఖాతంలో అదొక పాత పరిశ్రమ. కొసన కొండరాయి మీద నలుపు తెలుపు చారల శాన్ పియెత్రో చర్చి. ఎదురుగా పల్మారియా దీవి. రెండింటి మధ్య ఇరుకైన నీటిదారి గుండా బయటి సముద్రంలో పడ్డాం. పడవ ఊగుడు వెంటనే మారిపోయింది. ఖాతంలో ఉన్నంతసేపూ చిన్న చిన్న కుదుపులు, ఇప్పుడు పొడవాటి అలల మీద ఎత్తి దించడం.

ఆపైన కుడివైపు అంతా కొండే. ఐదు పల్లెల్లో మొదటిదైన రియొమజ్జోరె దగ్గరవుతుంటే ఆ కొండకు మెట్లు మెట్లుగా గీతలు కనిపించాయి. దూరం నుంచి ప్రకృతి గీసిన చారలనిపిస్తుంది. దగ్గరికి వెళితే ప్రతి గీతా ఒక రాతి గోడ. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి పేర్చి కట్టినవి. వెయ్యేళ్లుగా అక్కడి రైతులు ఏటవాలు కొండను తవ్వి, ఆ రాళ్లతోనే గోడలు కట్టి, వెనక మట్టి నింపి, ఒక్కో మెట్టు మీద నాలుగు వరసల ద్రాక్షతీగ పెట్టారు. ఆ గోడలన్నీ కలిపితే వేల కిలోమీటర్లు. ద్రాక్ష కోతకొచ్చినప్పుడు బుట్టలు భుజాన వేసుకుని దిగేవారు. ఇప్పుడు కొన్నిచోట్ల ఒంటిపట్టా మీద పళ్లచక్రంతో పాకే చిన్న బండ్లు వాటిని మోస్తున్నాయి. మేం వెళ్లింది కోతల రోజుల్లోనే. తర్వాతి పల్లె మనరోలా పైన అలాంటి బండి ఒకటి నిలువుకొండ మీద ఎర్రటి పెట్టెలతో అంగుళం అంగుళంగా దిగుతుంటే, అది కిందికి వచ్చేదాకా కళ్లార్పకుండా చూశాం. కోసిన పండ్లలో కొన్నిటిని నెలల తరబడి ఆరబెట్టి షక్కెత్రా అనే తియ్యటి ద్రాక్షసారా చేస్తారు.

రాతిగోడకు సిమెంటు లేకపోవడం లోటు కాదు, అదే దాని బలం. వాననీరు సందుల్లోంచి కారిపోతుంది, గోడ వెనక ఒత్తిడి పేరుకోదు. కానీ ఏటేటా ఎవరో ఒకరు ఊడిన రాయిని మళ్లీ పెట్టాలి. పిల్లలు నగరాలకు వెళ్లిపోయి ముసలివాళ్లు మిగిలిన మళ్లలో ఆ పని చేసేవారు లేరు. గోడలు ఉబ్బి కూలుతాయి, కొండ జారుతుంది. 2011 అక్టోబరు 25న కొన్ని గంటల్లోనే కుంభవృష్టి కురిసినప్పుడు కొండమీది మట్టి, రాళ్లు, చెట్లు వాగులై దిగి వెర్నాజ్జా, మొంతెరొస్సో పల్లెల వీధుల్ని ముంచేశాయి. ఇళ్ల కింది అంతస్తులు బురదలో కూరుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. వదిలేసిన మళ్లు ఆ నష్టాన్ని పెంచాయని నిపుణులు చెప్పారు. ఈ తీరాన్ని, దీవులను 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2018లో సున్నం లేకుండా రాతిగోడ కట్టే విద్యను కూడా, ఇటలీతో సహా ఎనిమిది దేశాల ఉమ్మడి వారసత్వంగా గుర్తించింది. ఆ గుర్తింపు కంటే ఊడిన రాయిని మళ్లీ పెట్టే చెయ్యే ఆ కొండకు ఎక్కువ అవసరం. రంగురంగుల ఇళ్ల ఫొటోలు తీసుకునే లక్షలాదిమంది యాత్రికులు ఆ గోడల వైపు ఒక్కసారైనా తలెత్తి చూడాలని నా కోరిక.

వెర్నాజ్జా ఎదుట చాపలు దించాం. సముద్రం అడుగున అక్కడ పొసిడోనియా అనే గడ్డి పెరుగుతుంది. అక్కడ పెరిగే జాతి మధ్యధరాలో తప్ప మరెక్కడా లేదు. చేపపిల్లలకు అదే నీడ. లంగరు దాన్ని వేళ్లతో పెకిలిస్తుంది, మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. అందుకే రక్షిత జలాల్లో లంగరు వేయకుండా, అక్కడ నీటి మీద తేలేలా కట్టి ఉంచిన బోయాకు పడవను తగిలించాలి. సరంగు బోయాకు కట్టి సంచీ విప్పాడు. మొంతెరొస్సోలో ఉప్పువేసి నిలవచేసిన చిన్న చేపలు, ఫొకాచ్చా రొట్టె, శాకాహారి అయిన చెల్లెమ్మ కోసం ఫరినాతా. ఫరినాతా అంటే సెనగపిండిలో నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి, వెడల్పాటి రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాల్చేది. మన పెసరట్టుకు దూరపు చుట్టం లాంటిది. పైన కరకర, లోపల మెత్తన. మిరియాలపొడి చల్లుకుని వేడిగా తినాలి. మాకు చల్లారిందే దొరికింది, అయినా ఒక్క ముక్కా మిగల్లేదు.

తింటుండగానే రేడియోలో 16వ ఛానల్ మీద ఒక స్త్రీ గొంతు వినిపించింది. ఆపదకు, అత్యవసర పిలుపులకు ప్రపంచమంతటా నౌకలు వినే ఛానల్ అది. తీరరక్షక దళంవారి హెచ్చరిక: సాయంత్రానికి నైరుతి గాలి బలపడుతుంది, ఉరుములతో గాలివాన వచ్చే అవకాశం ఉంది. ఆ మాట వింటూనే సరంగు బోయా తాడు విప్పడం మొదలుపెట్టాడు. చివరి పల్లె మొంతెరొస్సో ఎదురుగా, మూడు మైళ్ల లోపునే ఉంది. మిలానో మిత్రుడు బతిమాలాడు: "ఎండ కాస్తోంది, గాలీ హాయిగా ఉంది, ఆ ఒక్క ఊరూ చూసి తిరిగేద్దాం." సరంగు వాదించలేదు. ఖాతం ముఖద్వారం దగ్గరి తీనో దీవి మీది దీపస్తంభం వైపు చెయ్యి చూపించి, తర్వాత నైరుతి దిక్కున చేటంత మబ్బును చూపించాడు. ఆ మబ్బు ఇక్కడికి వచ్చేలోగా మనం ఆ దీవి దాటాలి, అంతే అన్నాడు.

ఈ తీరంలో గాలి బలపడితే దాక్కోవడానికి చోటు లేదు. పల్లె రేవులు చిన్నవి, లిబెచ్చోకు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. అక్కడివాళ్లే తమ పడవల్ని వీధుల్లోకి లాక్కుంటారు. గాలి పడవను కొండవైపే నెడుతుంది, ఇంజను మొరాయించిందంటే కొండే గతి. పెద్ద చాపను అప్పుడే, గాలి ఇంకా మామూలుగా ఉండగానే, మూడోవంతు కుదించి కట్టాడు సరంగు. గాలి పెరిగాక కుదించడం కష్టం, పెరగకముందే చేసుకోవాలన్నాడు. షెల్లీ పడవకు అదనపు చాపలు బిగించిన సంగతి నాకు అప్పుడు తలకెక్కింది.

తిరుగు ప్రయాణం జోరుగా సాగింది. గాలి పక్కనుంచి, పడవ ఒక పక్కకు ఒరిగి, అంచు మీంచి నీళ్లు చిమ్ముతూ. భీమిలివాడు చుక్కాని దగ్గర నిలబడ్డాడు, సరంగు పక్కన కూర్చుని చూశాడే కానీ చెయ్యి వేయలేదు. అల రాకముందే పడవ ముక్కును సర్దుతూ వాడు నాతో అన్నాడు: "మా ఇంట్లో ట్రాన్సిస్టర్ ఉండేది. వార్తలకు కాదు, వాయుగుండం కబురు కోసం. మా నాన్న వేటకెళ్లే ముందు అది వినందే తెప్ప దించేవాడు కాదు." ఆ కబురు ఎంత అవసరమో మన తీరానికి తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసి పది వేలకు పైగా ప్రాణాలు తీసుకుపోయింది. ఆ తర్వాత మన తీరంలో హెచ్చరికలు అందించే పద్ధతులు ఎంతో మెరుగుపడ్డాయి. ఇప్పుడు హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం, ఇన్‌కాయిస్, అల ఎంత ఎత్తు లేస్తుందో, గాలి ఎలా ఉంటుందో, చేపలు ఎక్కడ దొరకవచ్చో మత్స్యకారులకు ఫోన్ల ద్వారా కూడా చెబుతోంది.

తీనో దాటి ఖాతంలోకి మళ్లేసరికి మబ్బు సగం ఆకాశం ఆక్రమించింది. లెరిచి రేవులో పడవ కట్టి, చాపకు తొడుగు వేసేలోగా మొదటి చినుకులు పడ్డాయి. తర్వాత గంటసేపు వాన, ఉరుములు, రేవులోని పడవల కొయ్యలన్నీ ఈలలు వేశాయి. మేమందరం పక్కనున్న కాఫీ కొట్టు పంచన నిలబడ్డాం. సరంగు కాఫీ తాగి, ఖాతం ముఖద్వారం వైపు చూస్తూ, ఇంకా రావాల్సిన పడవలు ఏవైనా ఉన్నాయా అని రేవువాళ్లను అడిగాడు. అన్నీ వచ్చేశాయని వాళ్లు చెప్పాకే ఇంటికి బయలుదేరాడు. మేం మొంతెరొస్సో చూడలేదు. ఆ రోజు ఆయన చేసిన పనులన్నింటిలోకీ గొప్పది మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లకపోవడమే అని నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

శ్రోతలారా, మీలో ఎవరైనా ఆ తీరానికి వెళితే ఒక రోజు నీటి మీదికి కేటాయించుకోండి. సొంతంగా తెరచాప పడవ తీసుకోలేకపోయినా లా స్పెజియా, లెరిచి, పోర్తోవెనెరె రేవుల నుంచి ప్రయాణికుల పడవలు ఈ పల్లెలకు నడుస్తాయి. జూలై, ఆగస్టుల రద్దీ తప్పించుకుని మే, జూన్, సెప్టెంబరు నెలల్లో వెళ్లండి. సరంగు వెనక్కి తిప్పుతానంటే వాదించకండి.

మన నీళ్ల మీద తిరిగేవారికీ ఒక విన్నపం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరి వరదలో పడవ మునిగి ఎంతమంది పోయారో మనందరం చూశాం. పాపికొండలకు వెళ్లినా, నాగార్జునసాగర్‌లో తిరిగినా, బయలుదేరే ముందు ఆ రోజు వాతావరణ సూచన వినండి. పడవ ఎక్కగానే లైఫ్ జాకెట్ అడిగి తీసుకోండి. పడవ కదలకముందే పిల్లలకు తొడిగి, మీరూ తొడుక్కుని, బిగింపులు సరిచూసుకోండి. జాకెట్ ఇవ్వని పడవ ఎక్కకండి.